ఆరుద్ర పురుగు ఎత్తుకు కెమెరా దించాలంటే

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఎర్రనేల చేలోకి వెళ్తే ఆరుద్ర పురుగులు కనబడతాయి. శనగగింజంత ఒళ్లు, దాని నిండా మఖమల్ లాంటి ఎర్రటి నూగు, ఎనిమిది కాళ్లు. ఇవి సాలీళ్లకు దగ్గరి చుట్టాలు. ఎండ ముదిరితే మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి. నిలబడి ఫొటో తీస్తే నేల మీద ఒక ఎర్రచుక్క పడుతుంది, అంతే. కెమెరాను దాని ఎత్తుకు దించితే గడ్డిపరక చెట్టంత అవుతుంది, మట్టిబెడ్డ కొండవుతుంది, పురుగు మెత్తటి కాలు ఎత్తి ముందుకు వేయడం కనబడుతుంది. అందుకు లెన్స్ నేలకు బెత్తెడు ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో ఉండే మామూలు ట్రైపాడ్‌ను పూర్తిగా కుదించినా మోకాలి ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. ఎటుపడితే అటు వంగే కాళ్లున్న చిన్న ట్రైపాడ్ కొందామన్న ఆలోచన చాలామందికి మొదట వచ్చేది ఇక్కడే. నాకూ అలాగే వచ్చింది.

దుకాణంలో ‘గొరిల్లా స్టాండు’ ఇవ్వమంటే మూడు నాలుగు రకాల సరుకు బల్ల మీద పెడతారు. గుండ్రటి పూసలు గుచ్చినట్టు కీళ్లున్నవి, స్పాంజి తొడిగిన తీగకాళ్లవి, ఫోన్ పట్టుకునే బిగింపుతో వచ్చేవి, అన్నిటికీ అదే పేరు. ఏది దేనికి పనికొస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. పెట్టె మీద మాత్రం ఎన్ని కిలోలు మోస్తుందో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకెను నమ్మి కొన్నవాళ్లు నెల తిరక్కుండా నిరాశపడటం చాలాసార్లు చూశాను. వంగే గుణం, కదలకుండా నిలిచే గుణం ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. క్లోజప్ ఫొటోకు రెండూ కావాలి. చిక్కంతా అందులోనే ఉంది.

ఎంత నిలకడ కావాలో ముందు అంకెల్లో చూద్దాం. వస్తువు ఎంత ఉందో అంతే పరిమాణంలో సెన్సర్ మీద పడటాన్ని 1:1 అంటాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ 36 మి.మీ. వెడల్పు కాబట్టి ఆ స్థితిలో ఫ్రేములోకి వచ్చేది 36 మి.మీ. ప్రపంచమే. ఎఫ్/8 పెడితే స్పష్టంగా కనబడే లోతు సుమారు 1 మి.మీ. ఎఫ్/16కు వెళితే 2 మి.మీ. దొరుకుతుంది గానీ బొమ్మ పదును తగ్గడం మొదలవుతుంది. పైగా 1:1 దగ్గర లెన్స్ రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది. మబ్బు పట్టిన పొద్దుటిపూట, పొదనీడలో ఐఎస్ఓ 400 పెట్టినా షట్టర్ 1/15 సెకనుకు పడిపోతుంది. మనం ఊపిరి పీల్చి వదిలితేనే ఒళ్లు కొన్ని మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దొరికే లోతు ఒక్క మిల్లీమీటరు అయినప్పుడు చేత్తో పట్టి తీసిన పది ఫొటోల్లో ఎన్ని దక్కుతాయో మీరే లెక్కేసుకోండి.

లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉందిగా అనవచ్చు. అది ప్రధానంగా కెమెరా వంగే కోణాన్ని సరిచేస్తుంది. బాగా దగ్గరికి వెళ్లినప్పుడు కెమెరా మొత్తంగా పక్కకు జరగడం కూడా బొమ్మను చెడగొడుతుంది. కెనాన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. మాక్రో లెన్స్ ఈ పక్క కదలికను కూడా అదుపు చేసింది. అది పెద్ద ముందడుగే. ముందుకీ వెనక్కీ ఊగడాన్ని మాత్రం లెన్స్ లోపలి అద్దం ఆపలేదు. దానికి కింద ఆసరా కావలసిందే.

ఇప్పుడు వంగే కాళ్ల సంగతి. వీటిలో పేరు తెచ్చింది జోబీ కంపెనీ గొరిల్లాపాడ్. అమెరికాలో జోబెన్ బెవర్ట్ అనే ఇంజనీరు 2005లో పెట్టిన కంపెనీ అది. మరుసటి ఏడాది ఈ సరుకు బజారులోకి వచ్చింది. ఆయనే ఆ తర్వాత 2009లో జోబీ ఏవియేషన్ పెట్టి ఎగిరే టాక్సీల తయారీలోకి దిగారు. ట్రైపాడ్ వ్యాపారం 2017లో మాన్‌ఫ్రోటో యజమాని అయిన బ్రిటిష్ వైటెక్ గ్రూపు చేతికి వెళ్లింది. గొరిల్లాపాడ్ కాలు ఒక్కటే కడ్డీ కాదు. ఒక గోళీ, దానిమీద బిగుతుగా కూర్చునే ఒక గిన్నె, మళ్లీ గోళీ, మళ్లీ గిన్నె, ఇలా వరుసగా ఉంటుంది. ప్రతి కీలు దగ్గరా రాపిడే పట్టు. ఎక్కడా బిగించే మర లేదు. అందుకే కొమ్మకు చుట్టడానికి పది సెకన్లు చాలు. బురద అంటితే కుళాయి కింద కడిగి ఆరబెడితే సరి. గొట్టం లోపల గొట్టం దూరే మామూలు ట్రైపాడ్‌లో ఇసుక చేరితే కాళ్లన్నీ విప్పి తుడవాలి. వాన, బురద, ఏటి ఒడ్డు అలవాటైనవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

మరి లోపం? అదే రాపిడి. పెట్టె మీద 3కె అని ఉంటే మూడు కిలోలు, 5కె అని ఉంటే అయిదు కిలోలు మోస్తుందని అర్థం. ఆ బరువు నిట్టనిలువుగా కాళ్ల మధ్యలో పడినప్పటి మాట అది. నిండు బిందెను నడుముకు ఆనించుకుని మైలు దూరం నడవొచ్చు. అదే బిందెను చేయి చాచి నిమిషం పట్టుకోలేం. బాడీ, 100 మి.మీ. మాక్రో లెన్స్ కలిపి కిలోన్నర దాకా ఉంటాయి. అందులో లెన్స్ బరువు కాళ్ల మధ్య నుంచి ముందుకు చాచుకుని ఉంటుంది. దాన్ని కిందకి వంచి పువ్వు వైపు పెడితే ముందు కాలి పై కీళ్ల మీద భారమంతా పడుతుంది. అవి నెమ్మదిగా, కంటికి కనబడకుండా జారతాయి. ఫ్రేము కట్టి, ఫోకస్ చూసి, రిమోట్ నొక్కేసరికి పువ్వు మధ్యభాగం రెండు మిల్లీమీటర్లు పైకి పోయి ఉంటుంది. ఫ్రేములో మొత్తం ఉన్నదే 36 మి.మీ. అన్న సంగతి గుర్తుంటే ఆ రెండు ఎంతో తెలుస్తుంది. అందుకే నా లెక్క ఇది: క్లోజప్ పనికి పెట్టె మీది అంకెలో మూడో వంతునే నమ్మండి. కిలోన్నర కెమెరాకు 5కె. 3కె అంటే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, తేలికపాటి లెన్స్. ఇంకా చిన్నవి ఫోన్‌కే.

ఫోన్ విషయం వేరు. రెండు వందల గ్రాముల వస్తువుకు ఈ కీళ్లన్నీ కొండంత అండ. ఇవాళ మన ఊళ్లలో పువ్వులు, పురుగులు ఫొటో తీసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోనే. వాళ్లు చూడాల్సింది కాళ్లను కాదు, ఫోన్‌ను పట్టే బిగింపును. స్ప్రింగు బిగింపు రానురాను వదులవుతుంది, మర తిప్పి బిగించేది నయం.

ఇక స్పాంజి తొడిగిన తీగకాళ్లు. కొన్ని వందల రూపాయలకే వస్తాయి, చూపుకు అవీ ఇవీ ఒకటే. లోపల ఉన్నది ఒక లోహపు తీగ. సెంట్రింగు పనివాళ్లు బైండింగు వైరును అటూ ఇటూ వంచి తెంపడం చూశారుగా? వంచినచోటే మళ్లీ వంచితే లోహం గట్టిపడి, పెళుసై, తెగుతుంది. ఈ కాళ్లకూ అదే గతి. నా దగ్గరున్న ఒకటి రెండో వానాకాలానికి స్పాంజి లోపలే తెగింది. పైకి ఏమీ తెలియలేదు. వాగు పక్క రాయి మీద పెట్టి చెయ్యి తీయగానే కాలు మడత పడింది. కెమెరా రాతి మీద పక్కకు ఒరిగి లెన్స్ ముందున్న ఫిల్టరు పగిలింది. ఫిల్టరు అడ్డం లేకపోతే ముందు అద్దమే పోయేది. ఫోన్ కోసమైతే కొనుక్కోండి, ఏడాదికోసారి మార్చండి. కెమెరాను మాత్రం దానికి అప్పగించకండి.

వంగే ట్రైపాడ్ నిజంగా మెరిసేది క్లోజప్ కన్నా బయటి దృశ్యాల్లో. జలపాతం నీళ్లు పాల ధారలా రావాలంటే షట్టర్ అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా తెరిచి ఉంచాలి. తలకోనలోనో కుంటాలలోనో తడి రాళ్ల మీద పెద్ద ట్రైపాడ్ మోసుకుని దిగడం ప్రాణసంకటం. అక్కడ అరకిలో బరువుండే ఈ స్టాండును వంకర రాయి మీద వాలుగా కూర్చోబెట్టొచ్చు. వెడల్పాటి లెన్స్ పొట్టిది కాబట్టి బరువు ముందుకు లాగదు, కీళ్లు జారవు. రాత్రి ఆకాశాన్ని తీసేటప్పుడూ అంతే, కెమెరా పైకి చూస్తుంటుంది, బరువు తిన్నగా కిందకు దిగుతుంది. రెయిలింగుకు చుట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. మెట్ల మీద ఎవరు నడిచినా రెయిలింగు అదురుతుంది. ఇనుప గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూస్తే ఆ అదురు తెలుస్తుంది. జనం దాటేదాకా ఆగి నొక్కండి.

చెట్టు మొదలుకు చుట్టగలగడం ఈ కాళ్లకే ఉన్న వరం. నల్లమలలో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో నీలికాంతి మెరిసే పెద్ద సాలీడు ఒకటుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని లోకానికి పరిచయం చేశాడు. మొదటి నమూనా గుత్తిలో దొరికింది కాబట్టి బయటి దేశాల్లో గుత్తి పేరుతోనే దాన్ని పిలుస్తారు. అది చెట్టు తొర్రల్లో ఉంటుంది. ఛాతీ ఎత్తులో, చెట్టుకు ఆనుకుని, తొర్రకు ఎదురుగా కెమెరా నిలపాలంటే నేల మీది ట్రైపాడ్‌తో వేళ్లూ పొదలూ అడ్డం. పక్క కొమ్మకు చుట్టుకున్న కాళ్లు ఆ పని చేస్తాయి. అయితే అది అంతరించే దశలో ఉన్న జీవి. అనుమతి లేకుండా ఆ అడవిలోకి వెళ్లకూడదు, తొర్రలో పుల్ల పెట్టి దాన్ని బయటకు లాగకూడదు, ఫొటోతో పాటు చోటు పేరు బయటపెట్టకూడదు. పెంపకం కోసం వాటిని దొంగతనంగా పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు.

లేత మొక్కకు, సన్నటి కొమ్మకు ఈ కాళ్లు చుట్టడం మాత్రం వద్దు. కెమెరా బరువుకు కొమ్మ వంగుతుంది, గాలికి కొమ్మతో పాటు కెమెరా ఒక లయలో, పువ్వు ఇంకో లయలో ఊగుతాయి. మొక్కకూ దెబ్బే.

క్లోజప్‌కు వంగే కాళ్లు చాలవంటే మరి ఏవి చాలుతాయి? ‘వంగడం’ అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. కాలు తిన్నటి గొట్టమే, కానీ ఎంత కోణంలోకైనా తెరుచుకుంటుంది. ఈ దారిలో అందరికన్నా ముందు వెళ్లింది బ్రిటన్‌కు చెందిన బెన్‌బో. మూడు కాళ్లూ, మధ్య కడ్డీ అన్నీ వంపు తిరిగిన ఒకే బోల్టు మీద కూర్చుంటాయి, పేరు కూడా దాని నుంచే వచ్చింది. ఒక్క పిడి వదులు చేస్తే అన్నీ ఒక్కసారే స్వేచ్ఛగా తిరుగుతాయి, బిగిస్తే అన్నీ ఒక్కసారే గడ్డకట్టినట్టు నిలుస్తాయి. ఒక కాలు గట్టు మీద, ఒకటి కాలవలో, ఒకటి బండ మీద పెట్టి కెమెరాను నేలకు ఆనించవచ్చు. కింది గొట్టాలు అడుగున మూసి ఉంటాయి కాబట్టి నీళ్లలో పెట్టినా లోపలికి నీరు చేరదు. వాడకం అలవాటు కావడానికి నెల పడుతుంది. పిడి వదులు చేసే ముందు రెండో చేత్తో కెమెరా పట్టుకోకపోతే మొత్తం కుప్పకూలుతుంది. ఆ నెల ఓర్చుకున్నవాళ్లు దాన్ని వదలరు. మొక్కలను, పుట్టగొడుగులను తీసేవాళ్లకు ఇంతకన్నా తగిన పరికరాన్ని నేను చూడలేదు.

మనకు సులువుగా దొరికేవి మాన్‌ఫ్రోటో 190, 055 వరుసలు, వాన్‌గార్డ్ ఆల్టా ప్రో లాంటివి. వాటి మధ్య కడ్డీ నిలువుగానే కాకుండా అడ్డంగా కూడా తిరుగుతుంది. కాళ్లు దాదాపు నేలకు పరుచుకుంటాయి, కెమెరాను పువ్వు మీదకు చాచి వంచవచ్చు. అడ్డంగా చాచిన కడ్డీ కింద తప్పనిసరిగా ఒక కాలు ఉండాలి, రెండో కొసకు బ్యాగు తగిలించాలి, లేకపోతే తిరగబడుతుంది. కడ్డీ ఎంత బయటికి చాస్తే అంత వణుకు. వేలల్లో ఖర్చు, రెండు కిలోల బరువు. అయినా క్లోజప్ మీద నిజంగా మక్కువ ఉంటే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మధ్య కడ్డీని తలకిందులుగా దూర్చి కెమెరాను వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. మీటలన్నీ తిరగబడి, కాళ్లు కంటికి అడ్డం వచ్చి విసుగు పుడుతుంది. ఒకటి రెండుసార్లు చేసి మానేశాను.

ఏ కాళ్లు కొన్నా పైన కూర్చునే బాల్‌హెడ్ చెడ్డదైతే అంతా వృథా. చవక బాల్‌హెడ్ బిగించి చెయ్యి తీయగానే ఒక నూలు కిందకి దిగుతుంది. దిగకూడదు. కెమెరా అడుగున ఉండే మర ప్రపంచమంతటా ఒకటే, పావు అంగుళానిది. కాళ్లకూ హెడ్‌కూ మధ్య ఉండే మరను కూడా ఎక్కువ కంపెనీలు ఒకే కొలతలో చేస్తాయి కాబట్టి హెడ్‌ను ఒక కంపెనీదీ కాళ్లను ఇంకో కంపెనీదీ కలపొచ్చు. ప్లేటు మాత్రం ఆర్కా-స్విస్ గాడికి సరిపోయేదే తీసుకోండి, రేపు ఇంకో ట్రైపాడ్ కొన్నా పనికొస్తుంది. చారిత్రక కట్టడాల శిల్పాలను దగ్గరగా తీద్దామనుకునేవాళ్లకు ఒక మాట: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చిన్నది కదా, వంగేది కదా అంటే కుదరదు.

మళ్లీ ఆరుద్ర పురుగు దగ్గరికి వస్తాను. అది నడుస్తూ ఉంటుంది. అరనిమిషం ఒకచోట ఆగి, మళ్లీ బెత్తెడు దూరం జరుగుతుంది. గొరిల్లాపాడ్ అయినా బెన్‌బో అయినా నేను కాళ్లు సర్దేలోగా పురుగు ఫ్రేము దాటిపోతుంది. తెల్లవారుజామున మంచు పట్టి కదలకుండా ఉండే తూనీగకు, పుట్టగొడుగుకు, బండ మీద నాచుకు ట్రైపాడ్. నడిచే పురుగుకు కావలసింది గింజల సంచి. పాత జీన్స్ ప్యాంటు కాలు మూరెడు ముక్క కోసి, ఒక కొస కుట్టి, కిలో పెసలు పోసి రెండో కొస కట్టండి. ముప్పాతిక వంతే నింపాలి. బిగుతుగా నింపితే కెమెరా కుదురుకోదు, జారుతుంది. నేల మీద సంచి వేసి, దాని మీద లెన్సును ఒత్తి పెడితే గింజలు లెన్స్ చుట్టూ సర్దుకుని గట్టిగా పట్టుకుంటాయి. పురుగు జరిగితే సంచిని కూడా జరపడమే. అందులో వంగే కీలు లేదు, జారే మర లేదు. లెన్స్ నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. నా ఆరుద్ర పురుగుల ఫొటోల్లో పనికొచ్చినవన్నీ ఇలా తీసినవే. బస్సు ప్రయాణమైతే ఖాళీ సంచి తీసుకెళ్లి దిగిన ఊళ్లో బియ్యమో ఇసుకో నింపుకోవచ్చు. గింజలు తడిస్తే వాసన పడతాయి, కాబట్టి వానలో సంచి కింద ప్లాస్టిక్ కవరు వేయండి.

కాబట్టి ముందు సంచి కుట్టండి, ఖర్చు లేదు. దానితో ఒక వానాకాలం గడిపాక మీకు నడిచే పురుగుల మీద ఇష్టమా, కదలని పువ్వుల మీద ఇష్టమా, జలపాతాల మీదా అన్నది తేలుతుంది. పువ్వులైతే కాళ్లు పరుచుకునే గట్టి ట్రైపాడ్. జలపాతాలు, ప్రయాణాలైతే కీళ్లున్న 5కె. రెండూ కావాలంటే గట్టిది ముందు, వంగేది తర్వాత. కొనడానికి వెళ్లేటప్పుడు మీ కెమెరా, మీరు వాడే బరువైన లెన్స్ వెంట తీసుకెళ్లండి. స్టాండు మీద బిగించి ముందుకు సగం వంచండి. తెర మీద పది రెట్లు పెద్దది చేసి, దుకాణంలో కనబడే ఏదో ఒక ధర చీటీ మీద ఫోకస్ చేయండి. లెన్స్ మీద వేలితో ఒకసారి తట్టి, బొమ్మ వణుకు ఎన్ని సెకన్లకు ఆగుతుందో లెక్కపెట్టండి. తర్వాత చేతులు కట్టుకుని ఒక్క నిమిషం ఊరికే నిలబడండి. ఆ నిమిషంలో చీటీ మీది అంకె కిందికో పైకో జరిగితే ఆ స్టాండు కొనకండి.